ముగింపు తెలిసిన కథ

కథకు ఎంత బలం ఉందో చెప్పమంటే లోకమంతా ముందుగా షహ్రజాద్ పేరే ఎత్తుతుంది. రాత్రి పెళ్లాడిన పిల్లను తెల్లారేసరికి చంపించే రాజు, ఆ రాజు దగ్గరికి కావాలని వెళ్లి భార్య అయిన మంత్రి కూతురు, ఆమె రాత్రంతా చెప్పి తెల్లవారుజామున సరిగ్గా ముడి బిగిసిన చోట ఆపేసే కథ. సాసానీ రాజుల నాటి పర్షియాలో జరిగినట్టు చెప్పే ఈ వృత్తాంతానికి మూలం ‘హజార్ అఫ్సాన్’ అనే పారశీక కథల పుస్తకమని 10వ శతాబ్దంలో బాగ్దాదు పుస్తకాల వ్యాపారి ఇబ్న్ అల్ నదీమ్ రాసిపెట్టాడు. రాత్రులు వెయ్యి అయినా అందులో కథలు రెండొందలు కూడా లేవని చెప్పినవాడూ ఆయనే. అంటే ఒక్కో కథను రాత్రుల తరబడి సాగదీసేవారన్నమాట. ఆ చిన్న పిల్ల నేర్చిన విద్య ఏమిటో ఈ ఒక్క వివరం చెప్పేస్తుంది. ముగింపు తన గుప్పిట్లో పెట్టుకోవడం, దాన్ని రేపటికి వాయిదా వేయడం, ఆ వాయిదాతో ఒక పగలు బతికి బయటపడడం. అప్పటి నుంచి ఇప్పటి టీవీ సీరియల్ దాకా కథ చెప్పేవాళ్లందరూ ఆ గుప్పిటనే నమ్ముకున్నారు. ‘ఆ తర్వాత ఏమైంది’ అన్న ప్రశ్నే కథకు ప్రాణమని మనమూ నమ్మేశాం.

ఆ నమ్మకం సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే పర్షియా దాకా పోనక్కర్లేదు, ఎండాకాలంలో చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో భారతం జరిగే మిట్టల దగ్గరికి పోతే చాలు. పుత్తూరు, శ్రీకాళహస్తి వంటి పట్టణాల్లోనూ, వాటి చుట్టుపక్కల ఎన్నో పల్లెల్లోనూ ద్రౌపదీ సమేత ధర్మరాజులస్వామి గుళ్లున్నాయి. ఏటా అక్కడ జెండా ఎక్కించి భారతం మొదలుపెడతారు. సాధారణంగా పద్దెనిమిది రోజులు సాగుతుంది. మధ్యాహ్నం హరికథ. కొన్ని రోజులు గడిచాక రాత్రిళ్లు వీధినాటకం కూడా తోడవుతుంది. బకాసుర వధ నాడు బండెడు కూడు ఊరేగుతుంది. ద్రౌపదీ కల్యాణం, సుభద్రా కల్యాణం, రాజసూయం, అర్జున తపస్సు, ఉత్తర గోగ్రహణం, కృష్ణ రాయబారం, అభిమన్యు వధ, కర్ణ మోక్షం, దుర్యోధన వధ, ఆ పైన నిప్పుల గుండం, ధర్మరాజు పట్టాభిషేకం. ఒక్కో రోజు ఖర్చు ఒక్కో కుటుంబమో, కులమో, వీధో ఉభయంగా పెట్టుకుంటుంది. ఉభయదారుల పేర్లు కరపత్రంలో కథాక్రమంలోనే అచ్చవుతాయి. ఆ కరపత్రం చూస్తే చాలు, రేపేం జరుగుతుందో, పద్దెనిమిదో నాడు ఎవరు చస్తారో, ఎవరు గద్దెనెక్కుతారో మొత్తం బయటపడిపోతుంది. దాచిపెట్టినదంటూ ఏమీ లేదు. అయినా జనం వస్తారు, పోయిన ఏడు విన్నవాళ్లే మళ్లీ వస్తారు, అంతకు ముందేడు ఏడ్చిన చోటే మళ్లీ ఏడుస్తారు.

ఇక్కడే నా వాదన మొదలవుతుంది. ముగింపు తెలియకపోవడం వల్ల కథకు వచ్చే బలం ఒకటి ఉంది, అది ఒక రాత్రికి సరిపోతుంది. ముగింపు తెలిసి ఉండడం వల్ల వచ్చే బలం ఇంకొకటి ఉంది, అది తరాలకు సరిపోతుంది. కథ చెప్పడం నేర్చుకునే కుర్రవాడికైనా, ఆడపిల్లకైనా నిజంగా అందాల్సింది ఈ రెండోదే. దాన్ని నేర్పే బడి ఇప్పటికీ దక్షిణ రాయలసీమలో నడుస్తోంది. మనం దాన్ని బడిగా గుర్తించడం లేదు, తిరునాళ్లుగా మాత్రమే చూస్తున్నాం.

అర్జునుడి తపస్సు నాటి సంగతి చూడండి. గుడి ముందు మైదానంలో తాడిచెట్టంత నిటారు మాను ఒకటి పాతి ఉంటుంది. దాన్ని ‘తపస్సు మాను’ అంటారు. కొయ్యమెట్లు అక్కడక్కడా దిగేసి ఉంటాయి, కొస మీద మనిషి నిలబడేపాటి చిన్న మంచె. అర్జున వేషధారి ఆ రోజు ఉపవాసం ఉంటాడు. కింద పూజ అయ్యాక పద్యం ఎత్తుకుని మొదటి మెట్టు మీద కాలు పెడతాడు. ఒక్కసారిగా ఎక్కేయడు. మెట్టెక్కి ఆగుతాడు, పాడతాడు, చుట్టూ కలయజూస్తాడు, మళ్లీ ఇంకో మెట్టు. అలా కొసకు చేరేసరికి చాలాసేపు పడుతుంది. ఈలోగా మాను చుట్టూ తడి చీరలతో ఆడవాళ్లు నేల మీద సాగిలపడి ఉంటారు. బిడ్డల్లేనివాళ్లు, బిడ్డలు కావాలని మొక్కుకున్నవాళ్లు. పైనుంచి అర్జునుడు నిమ్మకాయలు, పూలు, విభూది విసిరితే కొంగుపట్టి అందుకుంటారు. వాళ్లకు తెలుసు, అర్జునుడికి శివుడు ప్రత్యక్షమవుతాడని. వాళ్లకు తెలుసు, పాశుపతం దొరుకుతుందని. తెలుసు కాబట్టే ఆ మాను కిందికి వచ్చారు. తపస్సు ఫలించదేమో అన్న అనుమానం ఏ మూలనో ఉంటే ఎవరూ తడి బట్టతో ఎండలో పడుకోరు. ఫలిస్తుందని ఖాయంగా తెలిసిన కథలోకి తమ ఫలించని కోరికను తెచ్చి కలుపుకుంటున్నారు. ఉత్కంఠ మీద నడిచే కథ ఇలాంటి పని చేయలేదు.

పద్దెనిమిదో నాడు దుర్యోధనుడు. మైదానంలో వెల్లకిలా పడుకున్నట్టు చాలా పొడవైన మట్టిబొమ్మ చేస్తారు. మీసాలు, కిరీటం, రంగులు, అన్నీ దిద్దుతారు. తొడ దగ్గర ఎర్రనీళ్ల కుండ దాస్తారు. భీమ, దుర్యోధన వేషధారులు గదలతో ఆ బొమ్మ చుట్టూ పరుగులు తీస్తారు. భీముడు ఎక్కడ కొట్టాలో మైదానంలో ప్రతి పసివాడికీ తెలుసు, భీముడికి మాత్రమే గుర్తు రావడం లేదు. కృష్ణుడు తన తొడ చరిచి చూపించేదాకా జనంలోంచి కేకలు ఆగవు. కుండ పగలగానే ద్రౌపది వేషధారి ఆ ఎర్రదనం జుట్టుకు రాసుకుని, కొప్పు ముడుస్తాడు. ఆ తర్వాత జరిగేది ఇంకా గమనించదగ్గది. జనం ఎగబడి బొమ్మ మట్టిని పిడికిళ్లతో పెరుక్కుని ఇంటికి తీసుకుపోతారు. పొలంలో చల్లేవాళ్లు, ధాన్యం నిలవచేసే చోట ఉంచుకునేవాళ్లు ఉన్నారు. కథ అయిపోయింది, చెడ్డవాడు చచ్చాడు, ఇక ఇళ్లకు పోవచ్చు అనుకోలేదు వాళ్లు. కథలోంచి ఒక ముక్క తెంపుకుని సేద్యంలో కలుపుకున్నారు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అని మనకొక సామెత ఉంది. భారతం మిట్ట మీద అది తలకిందులవుతుంది. అక్కడ వినేవాళ్లకు చెప్పేవాడు లోకువ కాకుండా చూసుకోవడమే పెద్ద పని. ముందువరసలో కూర్చున్న ముసలమ్మలు ముప్పై, నలభై భారతాలు విన్నవాళ్లు. ఏ పద్యం ఎక్కడ రావాలో వాళ్లకు నోటికొచ్చు. పద్యం తప్పితే తలలెత్తుతారు, తొందరపడితే పక్కవాళ్లతో మాటల్లో పడతారు, మనసుకు తగిలితే పైటచెంగు కళ్ల దాకా పోతుంది. పట్టుమని ఇరవై ఏళ్లు నిండని ఒక భాగవతారిణి గజ్జెకట్టి, చిడతలు పట్టుకుని, పక్కన మృదంగం, వయొలిన్, హార్మోనియం పెట్టుకుని వాళ్లెదుట నిలబడితే, ఆమె దగ్గర దాచడానికి రహస్యమేమీ లేదు. అభిమన్యుడు పద్మవ్యూహంలోకి పోతాడు, బయటికి రాడు. మరి ఆమె ఏం చెప్పాలి? అభిమన్యుడు లోపలికి పోయే ముందు ఎలా నవ్వాడో చెప్పాలి. ఉత్తర ఏ మాట అనబోయి మింగేసిందో చెప్పాలి. ఆ కుర్రవాడికి తెలియనిది వింటున్న జనమంతటికీ తెలుసు, ఆ తెలియడమే జనం గుండెల మీద బరువు. తెలియని కథలో శ్రోత పాత్రకంటే వెనక నడుస్తాడు, ఏమవుతుందో అని ఆత్రపడతాడు. తెలిసిన కథలో శ్రోత పాత్రకంటే ముందు నడుస్తాడు, వెనక్కి తిరిగి ‘వద్దు నాయనా’ అంటాడు. ఆత్రం తీరగానే ఆరిపోతుంది. ఆ ‘వద్దు నాయనా’ మాత్రం ఏటేటా తిరిగి వస్తుంది.

ఇది మన ఒక్కరి అనుభవమే అయితే స్థానిక అలవాటు అని సరిపెట్టుకోవచ్చు. కానీ షహ్రజాద్ పుట్టిన దేశంలోనే దీనికి బలమైన సాక్ష్యం ఉంది. ఇరాన్‌లో కథలు చెప్పేవారిని నక్కాల్ అంటారు. ఫిర్దౌసీ 1010 ప్రాంతంలో పూర్తిచేసిన షానామాను కాఫీ దుకాణాల్లో రోజుకు కొంత చొప్పున, చేతిలో కర్రతో, గొంతులు మార్చి, అడుగులు వేసి చెప్పడం వాళ్ల వృత్తి. ఆ కావ్యంలో రుస్తుం తన కొడుకని తెలియక సొహ్రాబును చంపుకునే ఘట్టం ఇరాన్‌లో పసిపిల్లలకు కూడా తెలుసు. నక్కాల్ ఆ ఘట్టం చెప్పే రోజు దుకాణం క్రిక్కిరిసేది. సొహ్రాబును ఇవాళ చంపొద్దని కథకుణ్ని బతిమాలేవారట జనం. రాసిన కావ్యం మారదని వాళ్లకు తెలియదా? తెలుసు. మన మైదానంలో భీముడికి తొడ చూపించమని కేకలేసే జనానికీ, ఆ కాఫీ దుకాణంలో బతిమాలిన జనానికీ తేడా లేదు. ఇద్దరూ కథలో పాలుపంచుకుంటున్నారు. ఆ నక్కాల్ విద్యను 2011లో యునెస్కో, అత్యవసరంగా కాపాడుకోవలసిన వారసత్వాల జాబితాలో చేర్చింది. మగవాళ్ల గుత్తగా ఉన్న ఆ వృత్తిలోకి వచ్చి తొలి మహిళా నక్కాల్‌గా పేరు తెచ్చుకున్న ఫాతిమె హబీబీజాద్, షానామాలోని వీరవనిత గుర్దాఫరీద్ పేరునే తన పేరుగా పెట్టుకుంది. ఆమె చెప్పేదీ అందరికీ తెలిసిన కథే.

ఇరాన్‌లోనే కొందరు కథకులు పెద్ద బొమ్మల తెర వెనక కట్టి, కర్రతో ఒక్కో బొమ్మ చూపిస్తూ చెబుతారు. మనకు శ్రీకాళహస్తి కలంకారీ ఉంది. ఆ గుడ్డను ఒకసారి దగ్గరగా చూడాలి. కరక్కాయ పిండీ గేదెపాలూ కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టిన నూలుగుడ్డ మీద, మొన దగ్గర నూలు చుట్టిన వెదురు కలంతో గీస్తారు. తుప్పు ఇనుమూ బెల్లమూ కొన్ని వారాలు ఊరబెట్టిన కసిమి అనే ద్రవం, కలం దిగినప్పుడు పలచగా ఉండి, కరక్కాయ తగిలి నల్లబడుతుంది. నడిమధ్య పెద్ద బొమ్మ, అది కథలో శిఖరం లాంటి ఘట్టం. దాని చుట్టూ వరసలు వరసలుగా చిన్న బొమ్మలు, ఒక్కో వరస పైన తెలుగులో ఒక పంక్తి కథ. గుడ్డ విప్పగానే ముందు కంటబడేది పట్టాభిషేకమే. ఎలా మొదలైందో ఆ తర్వాత అంచుల వెంట వెతుక్కోవాలి. ముగింపు నడిమధ్యన పెట్టి, దాని చుట్టూ కథ నడిపించడం గుడ్డ మీద గీసినవాళ్లు కనిపెట్టిన పద్ధతి. గుడ్డ ముందు నిలబడి చెప్పేవాడికైనా, గజ్జెకట్టి చెప్పేవాడికైనా పద్ధతి ఇదే.

హరికథా పితామహుడైన ఆదిభట్ల నారాయణదాసు విషయం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఆయన ఉత్తరాంధ్ర మనిషి, కానీ రాయలసీమలో గజ్జె కట్టే ప్రతివారూ ఆయన బాటలోనే నడుస్తున్నారు. 1883లో విజయనగరంలో కుప్పుస్వామి నాయుడు అనే కథకుడి హరికథ విన్నారు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్లు. విని ఊరుకోలేదు, తానే హరికథ కట్టారు. పాండిత్యం ఉంది, కవిత్వం ఉంది, ఎవరూ వినని కొత్త కథ ఏదైనా అల్లగల శక్తి ఉంది. కానీ ఎంచుకున్నది ధ్రువ చరిత్ర. సవతితల్లి తొడ మీంచి తోసేసిన అయిదేళ్ల పిల్లవాడి కథ. తెలుగునాట ఆ కథ తెలియని అవ్వ లేదు. కథకుడుగా మొదటి అడుగే తెలిసిన కథ మీద వేశారు. అదే నారాయణదాసు తర్వాతి రోజుల్లో పారశీకం నేర్చి, ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ, అచ్చతెలుగులోకీ తెచ్చారు. పర్షియా కవితను అంత దగ్గరగా చదివిన మనిషి, జనం ముందు నిలబడినప్పుడు మాత్రం ధ్రువుణ్నీ, ప్రహ్లాదుణ్నీ, అంబరీషుణ్నీ వదల్లేదు. ఊహ చాలక చేసిన పని కాదది, వినేవాడి మనసు ఎరిగి చేసిన పని.

నా వాదనకు గట్టిగా రాదగ్గ అభ్యంతరం భక్తి. జనం కథ కోసం రావడం లేదు, దేవత కోసం వస్తున్నారు, మొక్కుల కోసం వస్తున్నారు, కథ అందులో ఒక అలంకారం అంటారు కొందరు. ఇందులో నిజం లేకపోలేదు. కాపు కట్టుకుని పసుపు బట్టలతో నిప్పుల గుండం తొక్కేవాళ్లు సాహిత్యాభిమానంతో తొక్కడం లేదు. కానీ ఒక విషయం గమనించాలి. ధర్మరాజుల గుడిలో దేవత ఏడాది పొడుగునా ఉంటుంది. ఊరు ఊరంతా అక్కడికి కదిలేది భారతం నాళ్లలోనే. బ్రహ్మోత్సవాల్లో వాహనాల వరస ఉంటుంది, ఈ ఉత్సవంలో ఘట్టాల వరస ఉంటుంది. ఇక్కడ ఉత్సవ క్రమం అంటే కథాక్రమమే. జనం ఎక్కువగా వచ్చేదీ కథ బిగిసే రోజుల్లోనే, తపస్సు నాడు, దుర్యోధన వధ నాడు. నిప్పుల గుండం కూడా కథలోంచి వచ్చిందే. పగ తీరి కొప్పు ముడుచుకున్న ద్రౌపది వెంట నడవడమది. ఇంతగా కథలో కలిసిపోయిన భక్తిని కథ నుంచి విడదీసి, ఇది వేరు అది వేరు అని చూపించడం ఎవరివల్లా కాదు. భక్తి కథను బతికించిందన్నది నిజమే, కథ భక్తికి ఒక రూపం ఇచ్చిందన్నదీ అంతే నిజం.

టీవీ, సినిమా వచ్చాక ఇంకా ఈ మాటలెందుకు అనేవాళ్లూ ఉన్నారు. 1988 అక్టోబరు నుంచి 1990 దాకా దూరదర్శన్‌లో బి.ఆర్. చోప్రా మహాభారతం నడిచినప్పుడు ఆదివారం పొద్దున వీధులు ఖాళీ అయ్యాయి. అంతకు ముందే మాయాబజార్, నర్తనశాల, దానవీరశూరకర్ణ మన పల్లెల్లోకి పోయి కూర్చున్నాయి. నిజానికి అవి భారతం మిట్టకు చేసిన కీడు తక్కువ. 1977లో దానవీరశూరకర్ణ వచ్చాక దుర్యోధనుడికీ కర్ణుడికీ జనంలో పెరిగిన అభిమానం, రాత్రి నాటకంలో ఆ పాత్రల నడకలోకీ గొంతులోకీ వచ్చి చేరింది. తెలిసిన కథ ఇంకొంచెం తెలిసింది, అంతే. సినిమా చేయలేనిదల్లా ఒకటే, ఎదురుగా ఉన్నవాళ్లను బట్టి మారడం. ఆ ఏడు చెరువు నిండకపోతే విరాటపర్వం చెప్పేటప్పుడు వాన మాట ఎంతసేపు చెప్పాలో భాగవతారిణికి తెలుస్తుంది, తెరకు తెలియదు. అయితే దీన్ని అడ్డం పెట్టుకుని, అంతా బాగానే ఉంది అనడం అబద్ధమవుతుంది. మధ్యాహ్నం హరికథకు పెద్దవాళ్లే ఎక్కువ, పడుచువాళ్లు రాత్రి నాటకానికి వస్తారు, వచ్చినా కన్నంతా ఫోను తెర మీదే. ముప్పై ఏళ్ల తర్వాత ముందువరసలో కూర్చుని పద్యం తప్పితే తలెత్తే ముసలమ్మ ఉండాలంటే, ఇవాళ పదేళ్ల పిల్ల ఆ మధ్యాహ్నాలు వినాలి. తెలిసిన కథ బలం తెలిసినవాళ్ల మీదే ఆధారపడి ఉంది. వాళ్లు తగ్గితే ఎంత గొప్ప కథకుడైనా ఒంటరివాడే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే అభ్యంతరం మరొకటి. తెలిసిన కథను మళ్లీ మళ్లీ చెప్పడమంటే పాత అన్యాయాలను మళ్లీ మళ్లీ ఖాయం చేయడం కాదా? జూదంలో ఒడ్డిన భార్య, బొటనవేలు కోసిచ్చిన ఏకలవ్యుడు, పుట్టుక అడిగి అవమానించిన కర్ణుడు, వీళ్లందరినీ ‘విధి’ అన్న మాటతో దాటించే కథకులు లేరా? ఉన్నారు. పిట్టకథ పేరుతో ఆడవాళ్ల మీద చవక నవ్వులు నవ్వించే కథకులూ ఉన్నారు. అది తప్పు. జనం నవ్వినంత మాత్రాన అది ఒప్పయిపోదు. అయినా ఈ ప్రాంతం ఆ కథను ఏం చేసిందో చూడాలి. వ్యాసుడి భారతంలో యుద్ధం గెలిచింది పాండవులు. ఇక్కడి భారతంలో గుడి ద్రౌపదిది. సభలో ఎవరూ జవాబు చెప్పని ప్రశ్న అడిగిన మనిషిని తెచ్చి గర్భగుడిలో పెట్టారు, పద్దెనిమిది రోజుల కథనూ ఆమె విరబోసుకున్న జుట్టు చుట్టూ తిప్పారు. తమిళనాడులో సెంజి కేంద్రంగా ఆరణి, వేలూరు మీదుగా మన చిత్తూరు దాకా వ్యాపించిన ఈ ద్రౌపది ఆరాధన మీద ఆల్ఫ్ హిల్టబైటెల్ 1988లో, 1991లో రెండు పెద్ద గ్రంథాలు అచ్చువేశారు. 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి కొంత, కడప నుంచి కొంత కలిపి చేసిన చిత్తూరు జిల్లాలో అటు తమిళ భారతం, ఇటు కవిత్రయం పద్యం ఒకే మైదానంలో కలుసుకున్నాయి. కథ మారకుండానే దాని కేంద్రం మారింది. ఎవరో ఒక పండితుడు కూర్చుని మార్చలేదు. చెప్పేవాళ్లు నొక్కిన చోట నొక్కుతూ, వినేవాళ్లు కళ్లు తుడుచుకున్న చోట తుడుచుకుంటూ తరాల మీద మార్చుకున్నారు. కథ తెలియనివాడు దాన్ని ప్రశ్నించలేడు. పూర్తిగా తెలిసినవాడే ‘అలా ఎందుకు చేశాడు ధర్మరాజు’ అని అడగగలడు. మారుమూల పల్లెలో చదువుకోని అవ్వ సైతం ధర్మరాజును తప్పుబట్టగలిగిందంటే ఆ కథ ఆమెకు అంతగా సొంతం కావడం వల్లే.

అలాగని షహ్రజాద్ విద్యను తీసిపారేయలేం. హరికథ చెప్పేవాళ్లూ దాన్ని వాడతారు. కీచకుడు నర్తనశాలలోకి అడుగుపెట్టే చోట మంగళహారతి పాడి, మిగతాది రేపు అనడం వాళ్లకూ తెలుసు. కథ దూరం పోవాలంటే పుస్తకమూ కావాలి. 6వ శతాబ్దంలో పర్షియా చక్రవర్తి ఖుస్రో అనూషిర్వాన్ కొలువులోని బుర్జోయ్ అనే వైద్యుడు మన పంచతంత్రాన్ని పహ్లవీలోకి మార్చాడు. చచ్చినవాళ్లను బతికించే మూలిక కోసం హిందూదేశం వచ్చి, ఆ మూలిక ఈ కథల పుస్తకమే అని తెలుసుకున్నాడని షానామా చెబుతుంది. ఆ పహ్లవీ ప్రతి ఇప్పుడు లేదు. దాన్నుంచి 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా చేసిన అరబ్బీ ‘కలీలా వ దిమ్నా’ మాత్రం కరటక దమనకులను యూరప్ దాకా తీసుకుపోయింది. పుస్తకం కథను ఊళ్లు దాటిస్తుంది. ఆ కథను ఒక ఊరిదిగా చేసేది మాత్రం ఎదురుగా నిలబడి చెప్పే మనిషే.

ఆ మనిషి ఎక్కడ తయారవుతారు? తిరుపతిలో ఎస్వీ సంగీత నృత్య కళాశాల హరికథను పాఠ్యాంశంగా నేర్పుతోంది. గోదావరి జిల్లాల్లోని కపిలేశ్వరపురంలో సర్వారాయ హరికథా పాఠశాల ఆడపిల్లలను ఈ వృత్తిలోకి తెచ్చింది. అక్కడ రాగం, తాళం, పద్యం, అభినయం అబ్బుతాయి. ఆ తర్వాతి చదువు మాత్రం వరసగా పద్దెనిమిది మధ్యాహ్నాలు ఒకే ఊరి ముందు నిలబడితేనే వస్తుంది. ఒక్క రోజు గంటన్నర కార్యక్రమం చేసి పోయేవాళ్లకు మంచి పిట్టకథలు అయిదు ఉంటే చాలు. పద్దెనిమిది రోజులు చెప్పేవాళ్లకు మూడో నాటికే తెచ్చుకున్న సరుకు అయిపోతుంది. నాలుగో నాటి నుంచి ఊరిని వినక తప్పదు. ఎవరింట్లో చావు జరిగిందో, ఎవరి బోరు ఎండిందో, ఏ వీధికీ ఏ వీధికీ పడదో తెలుసుకుని, కథలో ఏ మాట ఎలా అనాలో సరిచూసుకోక తప్పదు. దామలచెరువు మధురాంతకం రాజారాం నుంచి మిట్టూరు నామిని సుబ్రహ్మణ్యం నాయుడు దాకా ఈ నేల మీంచి వచ్చిన కథకుల రాతలో వినబడే మాటతీరు వెనక కూడా, ఇలా వినడం మరిగిన జనమే ఉన్నారని నాకనిపిస్తుంది.

శ్రీకాళహస్తి కలంకారీ ఒకప్పుడు దాదాపు అడుగంటింది. కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికతో 1957లో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. తర్వాత భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2008లో జొన్నలగడ్డ గురప్పశెట్టికి పద్మశ్రీ వచ్చింది. చేయి తిరిగిన ఒకరిద్దరి దగ్గర పిల్లలను కూర్చోబెట్టి, నెలనెలా ఉపకార వేతనం ఇచ్చి నేర్పించడం వల్ల గుడ్డ మీది కథ బతికింది. గజ్జె కట్టి చెప్పే కథకు అలాంటి ఏర్పాటు చేయడం అసాధ్యమేమీ కాదు. హరికథ నేర్చి బయటికొచ్చిన ప్రతి విద్యార్థినీ ఒక పెద్ద భాగవతార్ వెంట ఒక భారతం మొత్తానికి పంపాలి, ఆ పద్దెనిమిది రోజుల కూలి తిరుమల తిరుపతి దేవస్థానమో, ప్రభుత్వ సాంస్కృతిక శాఖో భరించాలి, చివరి మూడు రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆ పిల్లకే వదిలిపెట్టాలి. పద్యాలు పుస్తకాల్లో ఉన్నాయి, వాటికేం కాదు. ఒక్కో కథకుడు ఒక్కో ఊళ్లో అప్పటికప్పుడు అల్లిన పిట్టకథలు ఎక్కడా లేవు. వాటిని రికార్డు చేసి రాసిపెట్టే పని 1954 నుంచి తిరుపతిలోనే ఉన్న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం తెలుగు శాఖ విద్యార్థులు వచ్చే ఎండాకాలమే మొదలుపెట్టవచ్చు. గుడి కమిటీ పెద్దలు అందుకు కాదనరు. కరపత్రం అచ్చయ్యే ముందే పోయి అడగాలి, ఎందుకంటే ఉభయాలు ఖరారయ్యేది అప్పుడే, అభిమన్యు వధ మధ్యాహ్నం ఎవరు చెప్పాలో తేలేదీ అప్పుడే.